మన కంప్యూటర్‌ను మనమే చూసుకుందాం – 6వ పాఠం: సెట్టింగులు మారిస్తే వేగం పెరుగుతుందా?

ఈ వారం వర్చువల్ మెమరీ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌ను కూడా మెమరీగా వాడుకునే ఏర్పాటు) గురించి చెప్పాలని ముందుగా అనుకున్నాను. అయితే 5వ పాఠం చదివి అభ్యాసం చేసినవారిలో కొందరి కంప్యూటర్లు వేగం పుంజుకోకపోగా ఇంకా నెమ్మదించాయి. వారికి సమాధానం చెప్పకుండా ముందుకు సాగడం న్యాయం కాదు కనుక ముందు ఆ సంగతి తేల్చుకుందాం.

పోయిన పాఠంలో ఎంఎస్‌కాన్ఫిగ్ (విండోస్ ఎలా లేవాలో నిర్ణయించే సెట్టింగుల ప్రోగ్రాము) తెరిచి, సర్వీసెస్ ట్యాబ్‌లో మైక్రోసాఫ్ట్‌వి కాని సర్వీసులు, అంటే తెర వెనక నడిచే ప్రోగ్రాములు, ఏవేవి నడుస్తున్నాయో చూసి రాసుకోమన్నాను. దాని పక్కనే ఉండే బూట్ ట్యాబ్ జోలికి పోవద్దని చెప్పలేదు. అది నా పొరపాటే. తెనాలి నుంచి ఒక పాఠకుడు తన సీపీయూ డబ్బాను స్కూటర్ ముందు పెట్టుకుని గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటికి వచ్చారు. "మాస్టారూ, మీరు చెప్పిన చోటే ప్రాసెసర్ల సంఖ్య పెంచుకోవచ్చని వీడియోలో చూసి టిక్కు పెట్టానండి. అప్పటి నుంచి బిల్లు ఒకటి తీయాలంటే చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వస్తోంది" అన్నారు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచాం. నాలుగు కోర్ల ప్రాసెసర్ ఉన్న ఆ యంత్రంలో లాజికల్ ప్రాసెసర్లు (విండోస్ వాడుకుంటున్న ప్రాసెసర్ల లెక్క) అన్నచోట 1 అని కనిపించింది.

జరిగినది ఇది. బూట్ ట్యాబ్‌లోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో "నంబర్ ఆఫ్ ప్రాసెసర్స్" అనే గడికి టిక్కు పెట్టగానే దాని కింద 1 అనే అంకె వస్తుంది. ఆయన దానిని అలాగే ఉంచి ఓకే నొక్కారు. నిజానికి టిక్కు లేనప్పుడే విండోస్ ఉన్న ప్రాసెసర్లన్నింటినీ వాడుకుంటుంది. తక్కువ ప్రాసెసర్లున్న యంత్రం మీద తమ ప్రోగ్రాము ఎలా నడుస్తుందో చూసుకోదలచిన సాఫ్ట్‌వేర్ నిపుణుల కోసం ఆ గడి ఉంది. అది పరిమితి పెట్టడానికి పనికివస్తుంది గానీ పెంచడానికి పనికిరాదు. అందులో నాలుగు అని ఎంచుకున్నా టిక్కు లేనప్పటి స్థితికి వస్తారే తప్ప అంతకు మించి అంగుళం కూడా ముందుకు పోరు. దాని పక్కనున్న "మాగ్జిమమ్ మెమరీ" గడి సంగతీ అంతే. విజయవాడలో చదువుకుంటున్న ఒక అమ్మాయి తన 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఆ గడిలో 4096 (ఎంబీలు, అంటే 4 జీబీ) అని వేసింది. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో "హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్" (విండోస్ వాడుకోలేని భాగం) అన్నచోట 4 జీబీకి పైగా కనిపించి కంగారుపడింది. రెండు గడుల్లోనూ టిక్కు తీసివేసి, ఓకే నొక్కి, రీస్టార్ట్ చేస్తే చాలు. తెనాలి పాఠకుడి యంత్రం మా వరండాలోనే మామూలు స్థితికి వచ్చింది. మీలో ఎవరైనా ఆ టిక్కు పెట్టి ఉంటే ఇక్కడితో చదవడం ఆపి, ముందు దానిని తీసివేసి రండి.

ఇక అసలు ప్రశ్న. ఆ వీడియో చూసినవారిలో చాలామంది "మాకు నిజంగానే వేగం పెరిగింది" అని గట్టిగా చెబుతున్నారు. వారు అబద్ధమాడుతున్నారని నేను అనుకోను. వారికి వేగం పెరిగిన మాట నిజమే, కానీ ఆ పెరుగుదల సెట్టింగు వల్ల రాలేదు. ఈ ఒక్క విషయం మనసుకు పట్టేవరకూ ఎన్ని పాఠాలు చదివినా ప్రయోజనం ఉండదు కనుక, కాస్త విస్తరించి చెబుతాను.

కంప్యూటర్ వేసి లిబ్రే ఆఫీస్ రైటర్ తెరవండి. ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. మూసివేసి, ఏ సెట్టింగూ మార్చకుండా వెంటనే మళ్లీ తెరవండి. హార్డ్ డిస్క్ ఉన్న నా పాత డెస్క్‌టాప్ మీద నిన్న ఉదయం మొదటిసారి 21 సెకన్లు, రెండవసారి 4 సెకన్లు పట్టింది. ఈ రెండింటి మధ్య నేను చేసిన పని ఏదీ లేదు. మొదటిసారి ఆ ప్రోగ్రాముకు కావలసిన ఫైళ్లన్నీ డిస్క్ నుంచి ర్యామ్‌లోకి వచ్చాయి. ప్రోగ్రామును మూసివేసినా విండోస్ వాటిని వెంటనే పారేయదు, ఆ స్థలం ఇంకొకరికి అవసరమయ్యేవరకూ అక్కడే అట్టిపెడుతుంది. విజయవాడ వన్‌టౌన్ వస్త్రలతలో వ్యాపారి గోడౌన్ నుంచి ఒకసారి తెప్పించిన చీరల కట్టను గల్లా పక్కనే ఉంచుకుంటే, అదే రకం అడిగిన రెండవ ఖాతాదారుకు క్షణంలో పరిచి చూపగలుగుతాడు. అంత మాత్రాన గోడౌన్ దగ్గరికి జరిగిందని ఎవరూ అనరు కదా.

ఇప్పుడు సాధారణంగా జరిగే పరీక్ష ఎలా ఉంటుందో చూడండి. ప్రోగ్రాము తెరిచి "అబ్బ, ఎంత నెమ్మదిగా ఉంది" అనుకుంటారు. ఏదో ఒక చిట్కా అమలు చేస్తారు. మళ్లీ అదే ప్రోగ్రాము తెరుస్తారు, అది టక్కున తెరుచుకుంటుంది. ఆ 17 సెకన్ల తేడా ర్యామ్‌లో నిలిచిన ఫైళ్లది. పేరు మాత్రం చిట్కాకు దక్కుతుంది. చిట్కా స్థానంలో లేచి మంచినీళ్లు తాగి వచ్చినా అదే తేడా కనిపించేది. కొన్ని చిట్కాలకు రీస్టార్ట్ అవసరమవుతుంది. అప్పుడు రోజుల తరబడి తెరిచి ఉన్న బ్రౌజర్ ట్యాబులూ, వెనక నడుస్తున్న ప్రోగ్రాములూ ఒక్కసారిగా ఖాళీ అవుతాయి కనుక యంత్రం తేలికపడుతుంది. ఆ ఫలితమూ చిట్కా ఖాతాలోకే చేరుతుంది.

దీనికి తోడు షట్ డౌన్ అనే చిక్కు ఒకటుంది. విండోస్ 8 నుంచి, అంటే 2012 నుంచి, ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. అది ఆన్‌లో ఉన్న యంత్రాన్ని షట్ డౌన్ చేసినప్పుడు మీ ప్రోగ్రాములు మూతపడతాయి గానీ, విండోస్ కెర్నెల్ (విండోస్‌కు గుండెకాయ లాంటి భాగం) స్థితి డిస్క్ మీద భద్రమై, మరునాడు అక్కడి నుంచే తిరిగి లేస్తుంది. రీస్టార్ట్ చేసినప్పుడు మాత్రం అంతా మొదటి నుంచి మొదలవుతుంది. రోజూ రాత్రి షట్ డౌన్ చేసే మనిషి టాస్క్ మేనేజర్‌లో అప్ టైమ్ చూస్తే వారం రోజులు కనిపించడానికి కారణం ఇదే. 5వ పాఠానికి మీరు పంపిన కొలతల్లో చాలావరకు, మార్పుకు ముందు షట్ డౌన్ చేసి, మార్పు తర్వాత రీస్టార్ట్ చేసి తీసినవి. ఆ రెండింటినీ పోల్చడం కుదరదు. ఇక నుంచి మనకు రీస్టార్ట్ ఒక్కటే కొలబద్ద. నేనైతే ఫాస్ట్ స్టార్టప్‌ను పూర్తిగా ఆపివేస్తాను. ఉదయం నాలుగు సెకన్లు ఆలస్యమైనా, యంత్రం ఏ స్థితిలో ఉందో తెలిసి ఉండటమే నాకు ముఖ్యం.

యంత్రం ఎంతసేపట్లో లేచిందో విండోస్ తానే లెక్క రాసి పెడుతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, డయాగ్నోస్టిక్స్-పెర్ఫార్మెన్స్, ఆపరేషనల్ వరకూ వెళ్తే అక్కడ 100 నంబరు ఈవెంట్లు ఉంటాయి. అందులో బూట్ డ్యూరేషన్ మిల్లీసెకన్లలో ఉంటుంది. మన కంటి అంచనా కన్నా ఆ అంకె నమ్మదగినది.

ఈ దృష్టితో చూస్తే మన చుట్టూ ఉన్న చిట్కాల్లో చాలావాటి విలువ తేలిగ్గానే తేలిపోతుంది. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి పదేపదే రిఫ్రెష్ నొక్కడం మన నెట్ సెంటర్ల రోజుల నుంచి ఉన్న అలవాటు. అది డెస్క్‌టాప్ మీది ఐకాన్లను తిరిగి చూపిస్తుంది, అంతకు మించి ఏమీ చేయదు. రన్ బాక్సులో ట్రీ అని కొడితే నల్లటి తెర మీద పేర్లు పరుగులు తీస్తాయి, ఏదో శుభ్రపడుతున్నట్లు అనిపిస్తుంది. ఆ కమాండ్ ఫోల్డర్ల జాబితాను చెట్టు ఆకారంలో అచ్చువేసి ఊరుకుంటుంది. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులన్నీ నమోదు చేసుకునే చోటు) మెనూ షో డిలే అనే విలువ మామూలుగా 400 ఉంటుంది, అంటే 400 మిల్లీసెకన్లు. దానిని 0 చేస్తే కొన్ని మెనూలు వెంటనే తెరుచుకుంటాయి. ఇది నిజమైన మార్పే, నా యంత్రంలోనూ పెట్టుకున్నాను, కానీ మీ పెద్ద ఎక్సెల్ ఫైలు దానివల్ల ఒక్క క్షణం కూడా ముందుగా తెరుచుకోదు. రిజిస్ట్రీ క్లీనర్లను నేను ఏ యంత్రంలోకీ రానివ్వను. లక్షల్లో ఉండే నమోదుల నుంచి కొన్ని వందలు తీసివేస్తే వేగంలో తేడా రాదు, తీయకూడనిది తీస్తే ప్రోగ్రాములు ఆగిపోతాయి.

మేలు చేయకపోగా కీడు చేసే చిట్కా ప్రీఫెచ్ ఫోల్డర్‌ను ఖాళీ చేయడం. 2001లో విండోస్ ఎక్స్‌పీతో ఈ ఏర్పాటు వచ్చింది. ఒక ప్రోగ్రాము మొదలైన తొలి క్షణాల్లో ఏ ఫైళ్లు, వాటిలో ఏ భాగాలు చదువుతోందో విండోస్ గమనించి, ఆ ఫోల్డర్‌లో చిన్న చీటీ రాసి పెట్టుకుంటుంది. మరుసటిసారి ఆ చీటీ చూసుకుని కావలసినవన్నీ ముందే వరుసగా తెచ్చుకుంటుంది. "చెత్త పేరుకుపోయింది" అని మనం వాటిని తుడిచివేస్తే ఆ శ్రమంతా మళ్లీ మొదటికి వస్తుంది. ర్యామ్‌ను ఖాళీ చేస్తామనే ప్రోగ్రాములు కూడా ఇదే కోవకు చెందుతాయి. గల్లా పక్కనున్న చీరల కట్టను తిరిగి గోడౌన్‌కు పంపించి, "చూడండి, కొట్టు ఎంత విశాలమైందో" అని చూపిస్తాయి.

అయితే ఏ సెట్టింగూ పనిచేయదని నేను చెప్పడం లేదు. యంత్రం లేవగానే తమంతట తాము మొదలయ్యే ప్రోగ్రాములను తగ్గించడం, ముఖ్యంగా హార్డ్ డిస్క్ ఉన్నచోట, స్పష్టంగా కనిపించే మేలు చేస్తుంది. ల్యాప్‌టాప్ పవర్ సేవర్‌లో ఉండిపోతే దానిని బ్యాలెన్స్‌డ్‌లోకి మార్చండి. ర్యామ్ తక్కువగా ఉన్న యంత్రంలో బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు తీసివేయండి. విజువల్ ఎఫెక్ట్స్‌లో యానిమేషన్లు ఆపితే తెర చురుకుగా స్పందిస్తున్నట్లు ఉంటుంది, కానీ "అడ్జస్ట్ ఫర్ బెస్ట్ పెర్ఫార్మెన్స్" అని గంపగుత్తగా ఎంచుకోవద్దు. దానితో అక్షరాల అంచులను నునుపు చేసే సౌకర్యం కూడా పోతుంది. ఇంగ్లిషు అక్షరాలకు అది పెద్ద నష్టం కాకపోవచ్చు. మన లిపిలో వత్తులూ గుడులూ చిన్న చిన్న చుక్కలుగా విరిగిపోయి, "దనం" అని కొట్టామో "ధనం" అని కొట్టామో కళ్లు చికిలించి చూసుకోవాల్సి వస్తుంది. "స్మూత్ ఎడ్జెస్ ఆఫ్ స్క్రీన్ ఫాంట్స్" గడికి టిక్కు తప్పనిసరిగా ఉంచండి. డీటీపీ పని చేసేవారికి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

సెట్టింగులకు లొంగని కారణాలు రెండున్నాయి. మొదటిది డిస్క్. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావలసిన చోటు చదివే తల కిందికి రావడానికి సగటున అందులో సగం, తల అక్కడికి జరగడానికి మరో 8, 9 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కలను సెకనుకు ఎనభై వరకే చదవగలదు. విండోస్ లేచేటప్పుడు ఇలాంటి ముక్కలు వేలల్లో కావాలి. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం అని ఎర్రబడి, పక్కనే చదివిన వేగం మాత్రం సెకనుకు ఒకటి రెండు ఎంబీలు మాత్రమే కనిపిస్తుంటే కారణం ఇదే. హార్డ్ డిస్క్‌కు బదులుగా వాడే ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, కదిలే తల లేదు. ఒక్కో ముక్కకు మిల్లీసెకనులో పదోవంతు సరిపోతుంది. హార్డ్ డిస్క్‌తో నడుస్తున్న యంత్రానికి ఎస్‌ఎస్‌డీ వేయించడంతో పోల్చదగిన చిట్కా నేను ఇంతవరకు చూడలేదు.

రెండవది వేడి. గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో కంప్యూటర్ ఉదయం బాగుండి, మధ్యాహ్నం రెండు దాటితే మొరాయిస్తోందని పిలిచారు. మే నెల. వైరస్ అని ఒకరు, విండోస్ పాడైందని ఒకరు చెప్పి అప్పటికే రెండుసార్లు ఫార్మాట్ చేశారట. టాస్క్ మేనేజర్‌లో చూస్తే, 3 గిగాహెర్ట్జ్ దాటి నడవాల్సిన ప్రాసెసర్ ఒకటికి అటూ ఇటూగా నడుస్తోంది. మూత తీసి చూశాం. ఫ్యాను రెక్కల కింద అల్యూమినియం పలకల మధ్య ఎర్రటి దుమ్ము గాలి చొరబడని పొరగా కూరుకుని ఉంది. ప్రాసెసర్ వేడి హద్దు మీరినప్పుడు, చాలా ఇంటెల్ ప్రాసెసర్లలో ఆ హద్దు 100 డిగ్రీల దగ్గర ఉంటుంది, అది కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని బ్లోయర్‌తో ఊది, ప్రాసెసర్ వేడిని పై పలకలకు చేర్చే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటే తుడిచి కొత్తది రాశాం. ఏ సెట్టింగూ మార్చలేదు. మరునాడు మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేసి అడిగితే, యంత్రం ఉదయం ఎలా నడిచిందో అలాగే నడుస్తోందన్నారు.

అభ్యాసం. ఇది ఓపిక కోరే పని, కానీ ఈసారి మినహాయింపు ఇవ్వను. మీకు నచ్చిన ఒక్క సెట్టింగును, మీరు రోజూ వాడే ఒక్క ప్రోగ్రామును ఎంచుకోండి. రీస్టార్ట్ చేయండి. డెస్క్‌టాప్ కనిపించిన తర్వాత గడియారం చూసుకుని ఐదు నిమిషాలు ఏదీ తాకకండి. అప్పుడు ప్రోగ్రాము తెరిచి, ఎన్ని సెకన్లు పట్టిందో నోటుపుస్తకంలో రాయండి. ఇలా ఐదుసార్లు. తర్వాత సెట్టింగు మార్చి మరో ఐదుసార్లు. ఆ తర్వాత సెట్టింగును పాత స్థితికి తెచ్చి ఇంకో ఐదుసార్లు. చాలామంది వదిలివేసేది ఈ మూడవ భాగాన్నే. మొదటి ఐదు అంకెల్లో అతి చిన్నదానికీ అతి పెద్దదానికీ మధ్య ఎంత దూరం ఉందో చూడండి. సెట్టింగు మార్చినప్పుడు వచ్చిన తేడా ఆ దూరం కన్నా తక్కువైతే, ఆ సెట్టింగు మీ యంత్రానికి ఏమీ చేయలేదని రాసుకోండి. తేడా ఎక్కువగా ఉండి, పాత స్థితికి తేగానే అది మాయమైతే, మీరు కనుగొన్నది నిజమైన మార్పే. కొలతలన్నీ ఒకే పూట తీయండి. ఉదయం ఐదు, ఎండవేళ ఐదు తీస్తే మిర్చి యార్డు సంగతే పునరావృతమవుతుంది.

ఆ పదిహేను అంకెలున్న కాగితాన్ని పారేయకండి. పేజ్ ఫైలును (వర్చువల్ మెమరీ కోసం డిస్క్ మీద ఉంచే ఫైలు) ఆపివేస్తే వేగం పెరుగుతుందని నమ్మి, ర్యామ్ ఖాళీగా కనిపిస్తుండగానే "అవుట్ ఆఫ్ మెమరీ" హెచ్చరిక తెచ్చుకున్నవారి గురించి 7వ పాఠంలో మాట్లాడుకుంటాం. అక్కడ మన పని ఆ అంకెలతోనే మొదలవుతుంది.