నూనె తేలని చేపల పులుసు

చేపల పులుసు అయిందో లేదో మా అమ్మ ఒకే ఒక్క మాటతో తేల్చేది: "నూనె తేలిందా?" తేలితే దించేయడమే. భీమవరం వైపు మా ఇళ్లన్నిటా అదే లెక్క. పోయినేడు రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు ఎక్కువుందని, నూనె తగ్గించమని డాక్టరు చెప్పగానే నాకు పట్టుకున్న టెన్షన్ కూడా ఇదే. రెండు చెంచాల నూనెతో వండితే పైకి తేలేదేముంటుంది? పులుసు అయిందని తెలిసేదెలా?

మూడు నాలుగు ఆదివారాలు పాడుచేసుకున్నాక దారి దొరికింది.

ఊళ్లో శీలావతి, బొచ్చె తిని పెరిగినవాణ్ని. హైదరాబాద్ వచ్చాక కొర్రమీనుకు అలవాటుపడ్డాను. ముళ్లు తక్కువ, కొవ్వూ తక్కువే. రాంనగర్ చేపల మార్కెట్లో అరకిలో ముక్కలు కొట్టించి తెస్తాను. ఈ చేపకు జిగురెక్కువ కాబట్టి కళ్లుప్పు, పసుపు వేసి రుద్ది మూడుసార్లు కడగాలి. ఈలోపు చిన్న నిమ్మకాయంత చింతపండు వేడినీళ్లలో నానుతుంది.

అసలు కిటుకు ఉల్లిపాయలో ఉంది. మామూలుగా నూనె తాగేది ఉల్లి ముద్దే, పచ్చివాసన పోయేదాకా పోస్తూనే ఉంటాం. అందుకే రెండు ఉల్లిపాయల్ని పొట్టుతోనే స్టవ్ మంట మీద వంకాయ కాల్చినట్టు కాలుస్తాను. లోపల మెత్తబడ్డాక నల్లటి పొరలన్నీ తీసేసి, ఒక టమాటా, ఆరు వెల్లుల్లి రెబ్బలు, అరచెంచా జీలకర్ర కలిపి రుబ్బుతాను. ఒకసారి బద్ధకించి మాడిన పొట్టుతోనే రుబ్బేశాను. పులుసంతా చేదు. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

వెడల్పు గిన్నెలో రెండు చిన్న చెంచాలు, అంటే 10 మి.లీ. పప్పునూనె. అమ్మ పోసే చిన్న గ్లాసుడు 100 మి.లీ. ఉంటుంది, అది 800 క్యాలరీల పైమాటే. ఇది 90 లోపు. చిటికెడు మెంతులు, కరివేపాకు, చీల్చిన నాలుగు పచ్చిమిర్చి వేసి, ముద్ద వేయాలి. అడుగంటుతుంటే నూనె కాదు, నీళ్లు చిలకరించండి. చెంచాన్నర కారం, చెంచా ధనియాల పొడి, ముప్పావు చెంచా ఉప్పు వేసి, చింతపండు రసం, రెండు గ్లాసుల నీళ్లు పోస్తాను.

ఇప్పుడు చూస్తూ ఉండాలి. మొదట తెల్లటి నురుగు వస్తుంది, బుడగలు చిన్నవిగా, హడావిడిగా ఉంటాయి. వాసన చూస్తే ముక్కుకు పులుపే తగులుతుంది. పది నిమిషాలకు నురుగు అణిగి, రంగు ముదిరి, పెద్ద బుడగలు నెమ్మదిగా పగులుతుంటాయి. గరిటె ముంచి తీస్తే పులుసు వెనకవైపు అంటుకుని ఉంటుంది. నూనె తేలడానికి బదులు నాకు ఇదే గుర్తు. అంతకుముందు ముక్కలు వేశారో, పులుసు చిక్కబడేలోపు చేప చెదిరిపోతుంది.

ముక్కలు పక్కపక్కన పేర్చి, మూతపెట్టి, సన్నమంట మీద ఎనిమిది నిమిషాలు. గరిటె పెట్టకండి. గుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని ఒకసారి తిప్పితే చాలు. కొత్తిమీర చల్లి దించాక అరగంటైనా ఆగితే ముక్కకు పులుపు పడుతుంది. ఆకలి ఆగనివ్వదనుకోండి, అది వేరే సంగతి.

నూనె ఎంత తగ్గించినా పులుసుతో ఒక చిక్కుంది, అన్నం రెట్టింపు లాగిస్తాం. అందుకని నేను జొన్నరొట్టెతో తింటాను. అన్నమే కావాలనిపించిన రోజు ఒక గరిటెడు కంచంలో పెట్టుకుని, గిన్నె వంటింట్లోనే వదిలేసి వస్తాను. ఎదురుగా ఉంటే నా చెయ్యి ఆగదు.