సాగర్ ముంపుకు ముందునాటి కృష్ణా లోయను పాత పటంలో చదివే పద్ధతి

నాగార్జునసాగర్ నీటి అడుగున ఉన్న నేల తీరు తెలుసుకోవాలంటే, డ్యామ్ కట్టక ముందు సర్వే ఆఫ్ ఇండియా మైలుకు అంగుళం చొప్పున గీసిన పటాలే మనకు ఆధారం. ఒక్కో పటం అక్షాంశంలోనూ రేఖాంశంలోనూ 15 నిమిషాల మేర నేలను చూపుతుంది. నాగార్జునకొండ సుమారు 16 డిగ్రీల 31 నిమిషాల ఉత్తర అక్షాంశం, 79 డిగ్రీల 14 నిమిషాల తూర్పు రేఖాంశం దగ్గర ఉన్నందువల్ల అది 56 పి/2 సంఖ్య గల పటంలో ఆగ్నేయపు మూలకు వస్తుంది. 56 పి/3, 56 పి/6, 56 పి/7 పటాలను కూడా పక్కన పరుచుకుంటే తప్ప లోయ పూర్తిగా కనబడదు.

ముందుగా అంచున ఉన్న వివరాలు చదవాలి. అచ్చు వేసిన సంవత్సరం కన్నా సర్వే చేసిన సంవత్సరం ముఖ్యం, ఎందుకంటే పటంలోని ఊళ్ళూ చెరువులూ ఆ నాటివే. నకలు తీసినప్పుడు పటం పరిమాణం మారిపోతుంది కనుక, దూరాలను అంకెల నిష్పత్తితో కాక గీసి చూపిన స్కేలుతోనే కొలవాలి.

తరువాత వాగులను పట్టుకోవాలి. సమోన్నత రేఖలు, అంటే సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, వాగును దాటే చోట వంపు కొన ఎగువ వైపు చూపుతుంది. ఆ కొనల వెంట వెళితే ప్రతి వాగూ ఏ కొండ సందులో పుట్టి ఎక్కడ కృష్ణలో కలిసిందో తేలికగా తెలుస్తుంది.

అసలు పని ముంపు అంచును గుర్తించడం. జలాశయం పూర్తి నీటిమట్టం 590 అడుగులు. 50 అడుగులకొక గీత ఉన్న పటంలో 590 గీత దొరకదు. 550, 600 మాత్రమే దొరుకుతాయి. ఏటవాలు కొండల దగ్గర రెండు గీతలూ దాదాపు ఆనుకుని ఉంటాయి కనుక 600 గీత వెంటే ట్రేసింగ్ కాగితంపై పెన్సిలు నడిపినా పెద్ద తేడా రాదు. కానీ వాగుల ముఖద్వారాల దగ్గర నేల చదునుగా ఉండి గీతలు దూరంగా జరుగుతాయి. అక్కడ 550 నుంచి 600 వైపు అయిదింట నాలుగు వంతుల దూరంలో చుక్కలు పెట్టి కలపాలి. ఈ శ్రమను తప్పించుకోకూడదు, పొలాలూ కాలిబాటలూ ఎక్కువగా ఉన్నది అక్కడే. గీత పూర్తయ్యాక నాగార్జునకొండ పైభాగం ద్వీపంగా విడివడుతుంది. 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిగిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి గీత లోపల, ముంపులో ఉండిపోతుంది.

ట్రేసింగును నేటి ఉపగ్రహ చిత్రంపై పరిచేటప్పుడు ఊరి పేర్లను ఆనవాలుగా తీసుకోవద్దు. ముంపు గ్రామం పేరు పునరావాస గ్రామానికి వెళ్ళి ఉండవచ్చు. నడుమ చుక్క ఉన్న త్రికోణంతో గుర్తించిన కొండ శిఖరాలను కనీసం మూడింటిని చిత్రంలోని అవే శిఖరాలతో సరిపోల్చాలి. చిత్రం కూడా వేసవిది కాక, జలాశయం నిండిన నెలది ఎంచుకోవాలి.