ఫియర్ ఫ్యాక్టరీ రీమాన్యుఫ్యాక్చర్ ఆల్బమ్ ఎలా వినాలంటే

అమెరికన్ మెటల్ బ్యాండ్ ఫియర్ ఫ్యాక్టరీ చేసిన రీమాన్యుఫ్యాక్చర్‌ని మెటల్ ఫ్యాన్స్ చాలామంది రెండు ట్రాక్స్ విని ఆపేస్తారు, అదే నాకు బాధ. ఇది 1997లో వచ్చిన రీమిక్స్ ఆల్బమ్, దీని మూలం వీళ్ళదే 1995 నాటి ఆల్బమ్ డీమాన్యుఫ్యాక్చర్, కాబట్టి ముందు అది ఒకసారి పూర్తిగా వినండి. గిటారిస్ట్ డీనో కజారెస్ రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్క), డ్రమ్మర్ రేమండ్ హెరెరా డబుల్ కిక్ (రెండు కాళ్ళతో కొట్టే బాస్ డ్రమ్) రెండూ అతుక్కుపోయినట్టు ఒకే లయలో కొడుతుంటాయి, ఆ దెబ్బ చెవికి పట్టాలి, అది పట్టకపోతే రీమిక్స్‌లో ఏం మార్చారో అస్సలు తెలీదు.

తర్వాత జంటలుగా వినండి. డీమాన్యుఫ్యాక్చర్‌లో ఫ్లాష్‌పాయింట్ విని వెంటనే రీమాన్యుఫ్యాక్చర్‌లో బర్న్ పెట్టండి, అదే పాట రీమిక్స్ అది. ఫస్ట్ టైమ్ గొంతు పట్టించుకోకండి, డ్రమ్స్ మీదే ధ్యాస పెట్టండి. రెండోసారి గిటార్ వెతకండి, రీమిక్స్‌లో రిఫ్‌ని ఎక్కడ కోశారు, ఎక్కడ లూప్ చేశారు, ఎక్కడ పూర్తిగా తీసేసి సింథ్ పెట్టారు అని చూస్తుంటే అసలు మజా అప్పుడు మొదలవుతుంది.

రీమిక్స్ చేసినవాళ్ళలో రీస్ ఫుల్బర్, జంకీ ఎక్స్‌ఎల్ లాంటి ఎలక్ట్రానిక్ మ్యూజిక్ వాళ్ళు ఉన్నారు, అందుకే ఇండస్ట్రియల్, టెక్నో, డ్రమ్ అండ్ బాస్, గాబర్ లాంటి ఎలక్ట్రానిక్ స్టైల్స్ అన్నీ తగులుతాయి. గాబర్ కొత్తవాళ్ళకి కష్టమే, డిస్టార్షన్ ఎక్కించిన కిక్ చాలా స్పీడ్‌గా కొడుతూనే ఉంటుంది, దాన్ని చివరికి ఉంచుకోండి. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు ప్లీజ్, బాస్ మొత్తం పోతుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.