షినాయ్ చూస్కోకుండా కేకోకి రావద్దు

ముందు వార్త చెప్పేస్తా. ఈ నెల నుంచి మన కెండో (జపాన్ కత్తిసాము) క్లబ్‌లో కేకో, అంటే ప్రాక్టీస్, మొదలయ్యే ముందు అందరి షినాయ్‌లూ (వెదురు కత్తులు) చెక్ చేస్తాం, ఎక్కడైనా పేడు లేచినట్టు కనబడిందో ఆ రోజుకి దాన్ని పక్కన పెట్టాల్సిందే, సీనియరా జూనియరా అని చూడం. చలికాలంలో టోక్యో గాలి ఎంత పొడిగా ఉంటదో మీ పెదాలు చూస్కుంటే తెలుస్తది కదా, వెదురుకీ అదే గతి, ఎండిపోయి పేళ్ళు లేస్తది. మీ షినాయ్ చీలితే దెబ్బ తగిలేది మీకు కాదు, ఎదురుగా నిలబడ్డోళ్ళకి. మెన్ (ముఖానికి పెట్టుకునే కవచం) కమ్మీల సందులోంచి ఒక్క పుల్ల దూరితే చాలు, పోయేది కన్నే. అందుకే ఈ గోలంతా.

మనోళ్ళు కొంతమంది అసలు షినాయ్ విప్పి చూసినట్టే లేరు, విప్పితే మళ్ళీ కట్టడం రాదని భయం అనుకుంటా. ఏం కాదు, విప్పే ముందు ముడుల్ని ఫోన్లో దగ్గర్నుంచి ఫొటో తీస్కోండి. నకాయుయి (బద్దల చుట్టూ కట్టే తోలు పట్టీ) వదులు చేసి, పిడి దగ్గర త్సురు (పొడుగునా ఉండే తాడు) ముడి విప్పి, చివర సకిగావా (కొనకి తొడిగే తోలు టోపీ) లాగితే లోపల చిన్న రబ్బరు ముక్క వస్తది, అది పారేసుకోకండి. పిడి తోలు కూడా తీస్తే నాలుగు బద్దలూ విడిపోతాయి, వాటి అడుగున కోసిన గాడుల్లో ఇరికించి ఉండే బుల్లి ఇనప రేకు, చిగిరి, ఇదైతే కింద పడిందంటే తతామీ చాపల సందులో వెతుక్కోవాలి. బద్దల మీద పెన్సిల్‌తో 1, 2, 3, 4 వేస్కోండి, మళ్ళీ అదే వరసలో పెట్టాలి.

ఇప్పుడు వేలితో తడమకండి, గుచ్చుకుంటది. పాత కాటన్ గుడ్డ పెట్టి అంచుల వెంట మెల్లిగా లాగండి, పేడు ఉన్న చోట దారం పట్టుకుని ఆగిపోద్ది. నకాయుయి నుంచి చివరి దాకా ఉన్న భాగం బాగా చూడండి, దెబ్బలన్నీ అక్కడే పడతాయి, లోపలి వైపూ సకిగావా కిందా కూడా చూడాలి. బద్దని కొంచెం వంచితే దాక్కున్న చీలిక నోరు తెరుస్తది.

చిన్న పేడు అయితే హండ్రెడ్ యెన్ షాపులో దొరికే సాండ్‌పేపర్‌తో పొడుగు దిశలోనే రుద్ది అంచు గుండ్రంగా చేస్కోండి. తర్వాత నూనె, గుడ్డకి అద్ది పల్చగా రాసి ఓ రాత్రి ఆరనిచ్చి తుడిచేయండి, ఎక్కువైతే బరువెక్కి జిడ్డుగా తయారవుతది. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరి నూనె తీస్తారేమో, ఈ చలికి అది సీసాలోనే గడ్డ కట్టుకుని ఉంటది, డ్రగ్‌స్టోర్లో త్సుబాకి (కమేలియా గింజల) నూనె కొనుక్కోండి. చీలిక పెద్దదైతే మాత్రం రిపేర్ లేదు, టేప్ చుట్టి తేవడం అసలు కుదరదు, బద్ద మార్చాల్సిందే, అదే సైజు పాత షినాయ్‌లోంచి బాగున్న బద్ద తీసి వేస్కోవచ్చు. కార్బన్‌వి వాడేవాళ్ళు సాండ్‌పేపర్ జోలికి పోవద్దు, పై పొర పగిలిందంటే ఇక దాని పని అయిపోయినట్టే.

తిరిగి కట్టేటప్పుడు త్సురు బిగువుగా ఉండాలి, వదులుగా ఉంటే సకిగావా ఊడి బద్దలు బయటికొస్తాయి, అదే అన్నిటికన్నా డేంజర్. నకాయుయి చివర్నుంచి మొత్తం పొడవులో పావు వంతు దగ్గర, అంటే పెద్దవాళ్ళు వాడే 39 సైజుకి దాదాపు 30 సెంటీమీటర్లు, చేత్తో తిప్పితే తిరక్కూడదు.

పోటీలకి వెళ్ళే పెద్దవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, పొడవు 120 సెంటీమీటర్లు దాటకూడదు, త్సుబా (పిడి పైన ఉండే చేతి కాపు) లేకుండా బరువు మగవాళ్ళకి 510 గ్రాములకి, ఆడవాళ్ళకి 440 గ్రాములకి తగ్గకూడదు, కాబట్టి రుద్ది రుద్ది అరగదీశాక ఓసారి కిచెన్ తూకం మీద పెట్టి చూస్కోండి.

ప్రతి ఒక్కళ్ళూ రెండు షినాయ్‌లు తెచ్చుకోండి, ఒకటి మధ్యలో పోతే రెండోది ఉంటది, క్లబ్‌వి కొత్తగా చేరినోళ్ళకే సరిపోవట్లేదు. పాడైనవి జిమ్ మూలన వదిలేసి పోవద్దు ప్లీజ్, మంచి బద్దలు దాచుకుని మిగతావి ఇంటికి పట్టుకెళ్ళి ముక్కలుగా కోసి మండే చెత్తలో వేయండి, కోయకుండా పొడుగ్గా పెడితే సోదై గోమీ (పెద్ద సైజు చెత్త) కింద స్టిక్కర్ కొనమంటారు.