లేబుళ్లు లేని బత్తాయి ఆకుల ఫొటోలతో మోడల్‌కు శిక్షణ ఇచ్చే పద్ధతి

నల్గొండ జిల్లాలో బత్తాయి ఆకుల ఫొటోలకు కొదవ లేదు. దేవరకొండ వైపు వెళ్లినా, హాలియా వైపు వెళ్లినా ఒక్క పూటలోనే వందల ఫొటోలు తీసుకోవచ్చు. కొరత ఉన్నదల్లా ఆ ఫొటోలో ఏ తెగులు ఉందో నమ్మకంగా చెప్పగలిగేవారికే. జింక్ లోపంతో పసుపు పడిన ఆకును గ్రీనింగ్ తెగులు సోకిన ఆకు నుంచి వేరు చేయడం అనుభవం ఉన్నవారికి సైతం సులువు కాదు. గ్రీనింగ్‌ను కచ్చితంగా నిర్ధారించాలంటే ప్రయోగశాలలో పీసీఆర్ పరీక్ష (తెగులు క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) చేయవలసి ఉంటుంది. సెల్ఫ్ సూపర్‌వైజ్డ్ లెర్నింగ్, అంటే లేబుళ్లు లేకుండా ఫొటోల నుంచే నేర్చుకునే పద్ధతి, అక్కరకు వచ్చేది ఇటువంటి చోటే. లేబుల్ (ఏ తెగులో చెప్పే గుర్తు) లేని ఫొటోలన్నింటితో ముందుగా ఎన్‌కోడర్‌కు, అంటే ఫొటోను అంకెల వరుసగా (వెక్టర్‌గా) మార్చే మోడల్ భాగానికి, ఆకును చూడడం నేర్పి, ఆ తర్వాత నిపుణులు గుర్తించి ఇచ్చిన కొద్దిపాటి ఫొటోలతో తెగుళ్లను నేర్పడం ఇందులోని క్రమం. కళాశాల ల్యాబ్‌లోనో, గూగుల్ ఆన్‌లైన్ సేవ అయిన కోల్యాబ్‌లోనో ఒకే ఒక్క జీపీయూ (శిక్షణ లెక్కలు చేసే గ్రాఫిక్స్ ప్రాసెసర్) అందుబాటులో ఉన్న విద్యార్థులను దృష్టిలో పెట్టుకొని ఈ విధానాన్ని వివరిస్తున్నాను.

ఫొటోలు సేకరించేటప్పుడు సంఖ్య కన్నా వైవిధ్యం ముఖ్యం. వేర్వేరు తోటలు, వేర్వేరు ఫోన్లు, పొద్దుటి వెలుగు, మిట్టమధ్యాహ్నపు ఎండ, ఆకు పై భాగం, అడుగు భాగం అన్నీ ఉండాలి. ఒకే ఆకును వరుసగా తీసిన ఫొటోల్లో ఒకటి ఉంచి మిగిలినవి తొలగించాలి. మరే పనీ మొదలుపెట్టక ముందే కొన్ని తోటలను పూర్తిగా పరీక్ష కోసం పక్కన పెట్టాలి; వీలైతే వాటిలో ఒకటి పాలమూరు వైపు తోట అయితే మంచిది. ఒకే చెట్టు ఆకులు శిక్షణలోనూ పరీక్షలోనూ ఉంటే వచ్చే మార్కులకు విలువ లేదు.

ఎన్‌కోడర్‌ను శూన్యం నుంచి మొదలుపెట్టవద్దని నా గట్టి సలహా. 2023లో మెటా సంస్థ విడుదల చేసిన డైనోవీ2 అనే ఎన్‌కోడర్ కూడా లేబుళ్లు లేకుండానే 14.2 కోట్ల చిత్రాలతో శిక్షణ పొందినదే. దాని చిన్న మోడల్‌ను ఏ మార్పూ చేయకుండా తీసుకొని, మీ లేబుల్ ఫొటోలపై కే-ఎన్ఎన్ పద్ధతితో (అత్యంత సమీప ఫొటోల లేబుళ్లను బట్టి తేల్చే పద్ధతి) ఎంత గుర్తిస్తుందో ముందుగా కొలవండి. తర్వాత మీరు చేసే ప్రతి ప్రయత్నాన్నీ ఆ అంకెతోనే పోల్చాలి.

ఇక పద్ధతి ఎంపిక. 2020లో వచ్చిన సిమ్‌సీఎల్ఆర్ అనే పద్ధతి ఒకే ఫొటోను కత్తిరించి, రంగు మార్చి తయారుచేసిన రెండు రూపాలను దగ్గరకు లాగి, బ్యాచ్‌లోని (మోడల్‌కు ఒకేసారి చూపే ఫొటోల గుంపులోని) మిగతా ఫొటోలన్నింటినీ దూరంగా నెడుతుంది. 1,000 తరగతులున్న ఇమేజ్‌నెట్ అనే చిత్రాల సేకరణలో ఇది బాగానే సాగుతుంది. మన దగ్గర ఉన్నవి ఐదారు తరగతులే కాబట్టి, ఆకుముడత పురుగు ఆశించిన రెండు ఆకులను ఒకదాని నుంచి మరొకటి దూరంగా నెట్టడం ప్రతి బ్యాచ్‌లోనూ జరుగుతుంది. పైగా దానికి వేలల్లో బ్యాచ్ కావాలి. అందువల్ల ఒక్క జీపీయూతో పనిచేసేవారికి సిమ్‌సయామ్ అనే పద్ధతిని సూచిస్తాను. అందులో దూరం నెట్టడం ఉండదు. ఒక రూపం నుంచి రెండో రూపాన్ని ఊహించమని అడుగుతారు, రెండో వైపు గ్రేడియంట్‌ను (మోడల్‌ను సరిదిద్దే సంకేతాన్ని) ఆపివేస్తారు. రెస్‌నెట్-18 లేదా రెస్‌నెట్-50 ఎన్‌కోడర్‌తో, బ్యాచ్ 256తో ఇది పనిచేస్తుంది. వీటికి ఇమేజ్‌నెట్‌పై నేర్చుకున్న బరువులు (మోడల్ లోపలి అంకెలు) సిద్ధంగా దొరుకుతాయి కనుక శిక్షణను అక్కడి నుంచి కొనసాగించవచ్చు. 2021 నాటి ఎంఏఈ పద్ధతి చిత్రంలోని 196 ముక్కల్లో 147 దాచివేసి వాటిని నింపమంటుంది. రంగులను మార్చవలసిన అవసరం లేకపోవడం దాని గొప్ప సుగుణమే గానీ, అది ఎక్కువ ఫొటోలను, దీర్ఘమైన శిక్షణను కోరుతుంది.

అన్నింటి కన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఆగ్మెంటేషన్ మీద, అంటే ఫొటో రూపాలు తయారుచేయడానికి చేసే మార్పుల మీద. మీరు ఫొటోలో దేన్ని మారుస్తారో, దాన్ని పట్టించుకోవద్దని మోడల్‌కు నేర్పుతున్నట్టే. సిమ్‌సయామ్ అసలు అమరికలో ఐదో వంతు ఫొటోలను నలుపు తెలుపులోకి మారుస్తారు, రంగు ఛాయను 0.1 వరకు జరుపుతారు. కుక్కను, బస్సును గుర్తించడానికి అది మేలు చేస్తుంది; ఆకుకు మాత్రం కీడు చేస్తుంది. జింక్ లోపంలో ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య భాగం పాలిపోతుంది, మెగ్నీషియం లోపంలో ముదురాకు తొడిమ వైపు తలకిందులైన వీ ఆకారంలో పచ్చదనం మిగులుతుంది, గజ్జి తెగులు మచ్చ చుట్టూ పసుపు వలయం ఉంటుంది. ఈ తేడాలకు ఆధారం రంగే కాబట్టి నలుపు తెలుపు మార్పును పూర్తిగా తీసివేయండి, ఛాయ మార్పును 0.02కు తగ్గించండి. వెలుతురు, కాంట్రాస్ట్ మార్పులను 0.4 దగ్గరే ఉంచండి, ఎందుకంటే ఎండ నిజంగానే మారుతుంది. కత్తిరింపు విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. గ్రీనింగ్ మచ్చలు నడి ఈనెకు రెండు వైపులా ఒకేలా ఉండవు. ఫొటోలో ఐదో వంతు మాత్రమే మిగిలేలా కత్తిరిస్తే ఆ గుర్తే పోతుంది. కనీసం సగం భాగం మిగిలేలా చూడండి. అటు ఇటు తిప్పడానికి మాత్రం ఏ అభ్యంతరమూ లేదు, చేతిలో పట్టుకున్న ఆకుకు పైకిందులు లేవు. ఆ కారణంగానే, ఫొటో ఎన్ని డిగ్రీలు తిరిగిందో ఊహించమనే 2018 నాటి పద్ధతి మనకు పనికిరాదు.

శిక్షణలో లెర్నింగ్ రేటును (ఒక్కో అడుగులో బరువులు ఎంత మారాలో చెప్పే అంకెను) 0.05ను బ్యాచ్‌తో గుణించి 256తో భాగించి నిర్ణయిస్తారు. ముందే శిక్షణ పొందిన బరువులతో మొదలుపెడితే ఇంకా తగ్గించాలి. సిమ్‌సయామ్‌లో లాస్ (తప్పును కొలిచే అంకె) కనిష్ఠం మైనస్ 1. అది చాలా త్వరగా అక్కడికి చేరితే సంతోషించవద్దు, అన్ని ఫొటోలకూ ఒకే వెక్టర్ ఇస్తోందేమో చూడండి. వెక్టర్లను నార్మలైజ్ చేసి ప్రతి అంశంలో ప్రామాణిక విచలనం లెక్కిస్తే, 2,048 అంశాలున్నప్పుడు అది 0.022 దరిదాపుల్లో ఉండాలి. సున్నాకు చేరితే శిక్షణ కుప్పకూలినట్టే.

శిక్షణ ముగిశాక ఎన్‌కోడర్ చివర శిక్షణ కోసమే తగిలించిన ప్రొజెక్షన్ పొరలను తీసివేసి, కొన్ని ఫొటోలకు అత్యంత సమీపంగా వచ్చిన ఫొటోలను కళ్లతో చూడండి. ఎర్ర చెల్క నేపథ్యంగా ఉన్న ఫొటోలన్నీ ఒక చోట, నల్లరేగడి ఫొటోలన్నీ మరో చోట చేరితే మోడల్ నేర్చుకున్నది నేలను, ఆకును కాదు. అప్పుడు ఆకు మేరకు కత్తిరించి మళ్లీ శిక్షణ ఇవ్వాలి. సమీప ఫొటోలు సరిగా ఉంటేనే లీనియర్ పరీక్షకు (ఎన్‌కోడర్‌ను మార్చకుండా పైన ఒక్క పొరకే లేబుల్ ఫొటోలతో శిక్షణ), ఆ తర్వాత తక్కువ లెర్నింగ్ రేటుతో ఫైన్ ట్యూనింగ్‌కు (ఎన్‌కోడర్‌ను కూడా సరిదిద్దే శిక్షణకు) వెళ్లాలి. ఫలితాన్ని మొత్తం శాతంగా కాక తెగులు వారీగా చూడండి. మొదట కొలిచిన డైనోవీ2 అంకెను దాటలేకపోతే దానినే వాడుకోవడం ఉత్తమం.

కొత్త లేబుళ్ల కోసం నిపుణుల సమయాన్ని అడిగేటప్పుడు కూడా ఈ ఎన్‌కోడర్ ఉపయోగపడుతుంది. ఫొటోలను గుంపులుగా విడదీసి ప్రతి గుంపు నుంచి కొన్ని, పొరుగు ఫొటోల లేబుళ్లు పరస్పరం విభేదించిన చోటు నుంచి మరికొన్ని ఎంచి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట శాస్త్రవేత్తలకు చూపించండి. ఇద్దరు శాస్త్రవేత్తలు వేర్వేరుగా లేబుల్ ఇచ్చేలా చూసి, వారు ఏకీభవించని ఫొటోలను శిక్షణలో చేర్చకుండా విడిగా భద్రపరచండి.