స్పోర్ట్స్ కారు టెస్ట్ డ్రైవ్‌కు వెళ్తున్నారా? స్టీరింగ్ తిన్నగా అయ్యేదాకా కాలు అదుపులో ఉంచండి

2025 మార్చి 30న నోయిడా సెక్టార్ 94లో ఎర్ర రంగు లాంబోర్గిని హురకాన్ అనే స్పోర్ట్స్ కారు అదుపు తప్పి ఫుట్‌పాత్ మీదికి దూసుకెళ్లింది. అక్కడున్న ఇద్దరు నిర్మాణ కూలీలు గాయాలతో ఆస్పత్రి పాలయ్యారు. ఆ కారు నడిపింది యజమాని కాదు. బేరం కుదిరే ముందు ఒకసారి నడిపి చూద్దామని తీసుకెళ్లిన బ్రోకర్. కారు దిగాక అతడు మాట్లాడిన తీరు మీద దేశమంతా మండిపడింది, అది న్యాయమే. కానీ ఆ కోపంలో అది టెస్ట్ డ్రైవ్ అన్న సంగతి మరుగున పడింది. ఆ ప్రమాదానికి కారణమేమిటో తేల్చాల్సింది దర్యాప్తు. నేను రాస్తున్నది మాత్రం పాత స్పోర్ట్స్ కార్ల బేరాల దగ్గర పదే పదే చూసిన ఒక తప్పు గురించి.

దసరా దగ్గర పడుతోంది. పండగకు కారు ఇంటికి తెచ్చుకోవాలన్న తొందర ఒక పక్క, ఇంకా వెనక్కి తగ్గని వానలు మరో పక్క. రోజూ ఆఫీసుకు, ఆస్పత్రికి, సైటుకు వేసుకెళ్లడానికే పోర్షే 911 లాంటి కారు కొనాలనుకునేవాళ్లు హైదరాబాద్‌లో ఇప్పుడు తక్కువేమీ కాదు. వీళ్లేమీ దుందుడుకు కుర్రాళ్లు కాదు. ఇరవై ఏళ్లుగా ఒక్క గీత పడకుండా కారు నడిపినవాళ్లు. ఆ ఇరవై ఏళ్ల అలవాటే ఇక్కడ ముంచుతుంది.

సీటు బెల్టు, లైసెన్సు, మద్యం సంగతులు మీకు తెలుసు. వాటి జోలికి పోను.

ఆ ఒక్క తప్పు

స్టీరింగ్ ఇంకా తిరిగి ఉండగానే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కడం. అంతే.

ఇది ఎక్కడ జరుగుతుందో చూడండి. షోరూము గేటు దాటి ఎడమకు తిరుగుతారు, రోడ్డు ఖాళీగా కనిపిస్తుంది. యూ టర్న్ దగ్గర చాలాసేపు ఆగి తిరుగుతారు, ముందు ఎవరూ ఉండరు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కే ర్యాంపు వంపు పూర్తి కాకముందే వెడల్పాటి రోడ్డు కళ్లబడుతుంది. పక్క సీట్లోని మనిషి సరిగ్గా అప్పుడే అంటాడు: "ఒక్కసారి తొక్కి చూడండి సార్, తెలుస్తుంది." చేతిలో స్టీరింగ్ పావు వంతు తిరిగే ఉంటుంది. కాలు మాత్రం కిందికి దిగిపోతుంది.

రోజూ నడిపే చిన్న కారులో ఇలా చేస్తే ఏమీ కాదు. దాని ఇంజనుకు ఎనభై తొంభై హార్స్ పవర్ ఉంటుంది, బలమంతా ముందు చక్రాలకు వెళ్తుంది. మహా అయితే కారు కాస్త బయటికి జరుగుతుంది. హురకాన్‌కు 600 దాటిన హార్స్ పవర్. 911 టర్బో ఎస్ సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగాన్ని మూడు సెకన్లలోపే అందుకుంటుంది. స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి ఆ బలం మొత్తమో, ఎక్కువ భాగమో వెనక చక్రాలకే పోతుంది. టైరుకు ఉన్న పట్టు నెల జీతం లాంటిది. మలుపు తిరగడానికైనా, కారును ముందుకు నెట్టడానికైనా అందులోంచే తీయాలి. మలుపుకే సగం ఖర్చయినప్పుడు మీరు ఒక్కసారిగా తొక్కితే వెనక టైర్ల దగ్గర ఇక మిగిలేదేమీ ఉండదు. తోక పక్కకు జారుతుంది.

అసలు నష్టం ఆ తర్వాతి అర సెకనులో జరుగుతుంది. భయపడి కాలు ఒక్కసారిగా పైకి తీసేస్తారు. కారు బరువు ముందుకు పడుతుంది, వెనక చక్రాలు ఇంకా తేలికవుతాయి, కారు గిర్రున తిరుగుతుంది. ఇంజను వెనక ఉన్న కార్లలో ఇది మరీ ఎక్కువ. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. జరిగిందేమిటో బుర్రకు అందేలోపే డివైడరో, ఫుట్‌పాత్ మీద మనిషో ఎదురవుతారు.

"చక్రాలు జారితే ఇంజను బలాన్ని తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ ఉంది కదా" అంటారు. ఉంది. అది ఉన్న పట్టును జాగ్రత్తగా వాడగలదే తప్ప లేని పట్టును పుట్టించలేదు. స్పోర్ట్ మోడ్‌లో అది కొంత జారుడును కావాలనే ఉపేక్షిస్తుంది. వానకు తడిసిన జీబ్రా గీతల మీద, డివైడర్ పక్కన పేరుకున్న ఇసుక మీద అది చేయగలిగేది చాలా తక్కువ.

బలం చూడాలంటే చూడండి, మీ డబ్బు పెట్టి కొంటున్నారు. రోడ్డు తిన్నగా ఉండాలి, పొడిగా ఉండాలి, స్టీరింగ్ తిన్నగా ఉండాలి. కాలు మెల్లగా దించండి, మెల్లగా తీయండి. సగం తొక్కినా మీకు కావలసింది తెలిసిపోతుంది.

టైర్లు

2013 నవంబరు 30న కాలిఫోర్నియాలో హాలీవుడ్ నటుడు పాల్ వాకర్ ప్రాణం తీసిన పోర్షే కరేరా జీటీ సంగతి చాలామందికి తెలుసు. నడిపింది రేసింగ్ అనుభవం ఉన్న మిత్రుడు. దర్యాప్తులో రెండు విషయాలు బయటపడ్డాయి. గంటకు 72 కిలోమీటర్ల పరిమితి ఉన్న చోట వేగం 129 నుంచి 150 మధ్య ఉంది. టైర్ల వయసు తొమ్మిదేళ్లు.

మన దగ్గర సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కార్లకు సరిగ్గా ఇదే జబ్బు. కారు ఏడాదిలో ఎక్కువ కాలం బేస్‌మెంట్‌లో కవరు కిందే ఉంటుంది. ఏడేళ్లకు పది వేల కిలోమీటర్లు కూడా తిరగదు. టైరు గాడులు కొత్తవాటిలా కనిపిస్తాయి, అమ్మేవాడు వాటినే చూపిస్తాడు. రబ్బరు మాత్రం గట్టిపడిపోయి ఉంటుంది. టైరు పక్కన డాట్ (DOT) అనే ఇంగ్లిష్ అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 3518 అని ఉంటే 2018లో 35వ వారంలో తయారైనదని అర్థం. నాలుగు టైర్లకూ చూడండి, ఒకే టైరు చూసి వదిలేయవద్దు. ఆరేళ్లు దాటితే ఆ కారును మీరు నడపవద్దు. టైర్లు మార్చాకే వస్తానని చెప్పండి.

కొత్త టైర్లయినా వేడెక్కాలి. ట్రాక్ కోసం చేసిన మెత్తని టైర్లు చల్లగా ఉన్నప్పుడు రోడ్డును సరిగా పట్టుకోవు. కార్బన్ సిరామిక్ బ్రేకులు కూడా చల్లగా ఉంటే మొదటి తొక్కుకు మొండికేస్తాయి. మొదటి పది పదిహేను కిలోమీటర్లు మామూలు కారులాగే నడపండి. టెస్ట్ డ్రైవ్ అంటే ఐదు కిలోమీటర్లే ఇస్తామన్నారా? అయితే వేగం సంగతి ఆ రోజుకు మరిచిపోండి.

కాగితాలు

షోరూములో ఇంకా రిజిస్టర్ కాని కొత్త కారైతే ట్రేడ్ సర్టిఫికెట్ (డీలరుకు రవాణా శాఖ ఇచ్చే అనుమతి) నంబరు ప్లేటు ఉండాలి, ఎర్ర పలక మీద తెల్ల అక్షరాలు. వ్యక్తి దగ్గర కొంటుంటే ఆర్‌సీ, బీమా గడువు మీ కళ్లతో చూడండి. ఢీకొడితే నష్టం ఎవరు భరించాలో బయలుదేరే ముందే కాగితం మీద రాసుకోండి. బంపరు, ఒక హెడ్‌లైటు పోయినా ఖర్చు లక్షల్లో ఉంటుంది. తర్వాత మాట మార్చేవాళ్లు రెండు వైపులా ఉంటారు.

రోజువారీకి పనికొస్తుందా?

దీనికి వేగంతో పనే లేదు. సాయంత్రం ఆరు గంటలకు మాదాపూర్ రద్దీలోకి తీసుకెళ్లండి. గేర్లు నత్తనడకలో కుదుపుతున్నాయా, ఏసీ తగ్గుతోందా, ఇంజను వేడి ఎక్కడికి చేరుతోంది, ఇవి చూడండి. స్పీడ్ బ్రేకర్ ఎత్తు ప్రమాణం ప్రకారం 10 సెంటీమీటర్లు. కాలనీల్లో సొంతంగా కట్టించుకున్నవి అంతకన్నా ఎత్తు. ఈ కార్ల పొట్ట నేలకు పది పన్నెండు సెంటీమీటర్లలోనే ఉంటుంది. ముందు భాగాన్ని పైకి లేపే సదుపాయం ఉందో లేదో అడగండి, ఉంటే పనిచేస్తోందో నొక్కి చూడండి. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు దిగి ఎక్కనిదే బేరం మాట్లాడవద్దు. చాలా కార్లలో స్టెప్నీ ఉండదు, పంక్చరైతే ఏం చేయాలో ముందే తెలుసుకోండి. ఇంధన మూత లోపల ఎంత ఆక్టేన్ అడుగుతున్నారో, ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు ఒప్పుకుంటుందో లేదో చదవండి.

ఇక వరసగా చెబుతాను, వినండి.

స్టీరింగ్ తిరిగి ఉండగా తొక్కవద్దు.

ఆగి ఉన్న కారును పూర్తి బలంతో ఒక్కసారిగా దూకించే లాంచ్ కంట్రోల్ ముట్టుకోవద్దు. కారు పక్కకు జారకుండా కాపాడే స్టెబిలిటీ కంట్రోల్ ఆపవద్దు. "ఆపి చూడండి" అన్న మనిషి దగ్గర కారు కొనవద్దు.

పిల్లల్ని ఎక్కించుకోవద్దు. ఎంత బతిమాలినా సరే.

వీడియో తీసే స్నేహితుణ్ణి ఇంటి దగ్గరే వదిలేయండి. కెమెరా చూస్తుంటే కాలు బరువెక్కుతుంది.

వాన పడితే వాయిదా వేయండి. చినుకులు మొదలైన మొదటి అరగంట మరీ ప్రమాదం, దుమ్ము, నూనె కలిసి రోడ్డు జారుతుంది.

ఫ్లైఓవర్ల మీద వద్దు. 2019 నవంబరు 23న హైదరాబాద్ బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ వంపు నుంచి కింద పడింది మామూలు చిన్న కారే. కింద నిలబడ్డ మహిళ చనిపోయారు. అక్కడ పరిమితి 40.

ఔటర్‌పై గరిష్ఠ వేగం 120. కారు ఎవరిదైనా, టెస్ట్ డ్రైవ్ అయినా అంతే.

రాత్రి వద్దు. తెల్లవారుజామున ఖాళీ రోడ్డనీ వద్దు, ఆ వేళ రోడ్డు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులు, పాలవాళ్లు, నడకకు వచ్చిన పెద్దలు ఉంటారు.

చెప్పులతో నడపవద్దు. పెడల్ మధ్య ఇరుక్కుంటాయి.

పక్కనున్నవాడు తొందరపెడితే కారు పక్కకు ఆపి దిగిపోండి. మొహమాటం వద్దు.

ర్యాంపు పూర్తిగా దాటే వరకు ఆగండి. యూ టర్న్ అయ్యాక చక్రాలు తిన్నగా అయ్యే వరకు ఆగండి. స్టీరింగ్ తిన్నగా లేకపోతే తొక్కవద్దు.

తోక జారితే బ్రేకు మీద ఎగిరి దూకవద్దు, కాలు ఒక్కసారిగా తీసేయవద్దు. చూపు మీరు వెళ్లాల్సిన వైపు ఉంచండి, చేతులు అటే తిప్పండి, కాలు మెల్లగా వదలండి.

ఎవరికైనా తగిలితే ఆగండి. ఇంజను ఆపి 108కి ఫోన్ చేయండి, తర్వాత 112కి. కారుకు ఏమైందో చూడటం ఆ తర్వాత.