డ్రాయింగ్ పీరియడ్ ని లెక్కల సార్ తీసుకుంటుంటే ఏం చేయాలి: హైస్కూల్ టీచర్ల కోసం

మన బళ్ళల్లో సైన్స్ ఎక్కువైంది ఆర్ట్స్ తక్కువైంది అని ప్రతి మీటింగ్ లో అంటారు, కానీ గోడ మీద టైం టేబుల్ చూడండి, డ్రాయింగ్ ఉంటుంది, లైబ్రరీ ఉంటుంది, ఆటలు కూడా ఉంటాయి. జరిగేదే వేరు. "సిలబస్ కాలేదు మేడం, మీ పీరియడ్ ఇవ్వండి" అని లెక్కల సార్ అడుగుతారు, డ్రాయింగ్ మేడం ఇచ్చేస్తారు, ప్రైవేట్ లో అయితే అడగను కూడా అడగరు, ఐఐటీ ఫౌండేషన్ అని ఆరో తరగతి నుంచే సోషల్ పీరియడ్లు కూడా నొక్కేస్తారు. అందుకే కొత్త పీరియడ్లు అడిగే ముందు ఉన్నవి కాపాడుకోవడం చూడండి.

ముందు ఒక నెల పాటు ఒక్క క్లాస్ కే, ఏ పీరియడ్ లో నిజంగా ఏం జరిగిందో క్లాస్ లీడర్ తో నోట్ బుక్ లో రాయించండి. నెలాఖరున హెచ్ఎం గారి ముందు పెట్టండి, వాదన అక్కర్లేదు, ఆ నోట్ బుక్ చాలు. తర్వాత ఒకటే రూల్ అడగండి, తీసుకున్న పీరియడ్ ని అదే వారంలో తిరిగి ఇవ్వాలి అని. కాదు అనడం కష్టం, ఎందుకంటే జాతీయ విద్యావిధానం 2020 లోనే ఆర్ట్స్ కీ సైన్స్ కీ మధ్య గట్టి గోడలు వద్దని ఉంది, 6 నుంచి 8 తరగతులకి 10 రోజులు బ్యాగ్ లేకుండా బడికి రావడం అని కూడా ఉంది. ఆ పది రోజుల్ని వాడుకోండి, చాలా చోట్ల అవి కాగితం మీదే ఉన్నాయి.

ఇక రెండూ కలిపి చెప్పడం. చార్ట్ మీద కిరణజన్య సంయోగక్రియ బొమ్మకి రంగులేయించి ఇదే ఆర్ట్ అంటే ఒప్పుకోకండి, అది అలంకారం అంతే. రెండు సబ్జెక్టులూ నిజంగా అవసరమయ్యే వస్తువు ఒకటి కావాలి. నాకు తెలిసినంతలో కలంకారీని, అంటే గుడ్డ మీద సహజ రంగులతో బొమ్మలు వేసే పనిని, మించింది లేదు. శ్రీకాళహస్తి పద్ధతిలో నలుపు ఎలా వస్తుందంటే, తుప్పు పట్టిన ఇనప ముక్కల్ని బెల్లం నీళ్ళల్లో వారాల తరబడి పులియబెడతారు, గుడ్డని ముందే కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళల్లో ముంచి ఆరబెడతారు, కరక్కాయలో ఉండే టానిన్ అనే వగరు పదార్థానికి కలంతో గీసిన ఆ ఇనుము నీళ్ళు తగలగానే గీత నల్లబడిపోతుంది. పాలలో కొవ్వు వల్ల రంగు గుడ్డ మీద పాకదు. పటిక రాసిన చోట ఎరుపు పట్టుకుంటుంది, రాయని చోట ఉతికితే పోతుంది.

చేయించాలంటే కరక్కాయలు ఆయుర్వేద మందుల కొట్లో దొరుకుతాయి, గుడ్డ గంజి లేని నూలుది కావాలి, బెల్లం నీళ్ళ డబ్బా మూడు వారాల ముందే పెట్టుకోండి, గ్యాస్ వస్తుంది కాబట్టి మూత మాత్రం బిగించకండి. పాలు కలిపిన గుడ్డ, పాలు లేని గుడ్డ రెండూ పక్కపక్కన పెట్టి గీయిస్తే తేడా వాళ్ళే చెప్తారు. సైన్స్ మేడం రియాక్షన్ చెప్తారు, సోషల్ సార్ పెడనలో అచ్చులతో, శ్రీకాళహస్తిలో కలంతో ఎందుకు వేస్తారో, ఆ గుడ్డలు మచిలీపట్నం రేవు నుంచి ఎక్కడెక్కడికి వెళ్ళేవో చెప్తారు. డ్రాయింగ్ మాస్టారు లేకపోయినా పర్లేదు, ఊళ్ళో గోడల మీద బోర్డులు రాసే ఆయన్ని పిలవండి.

ఛందస్సు కూడా ఇంతే. గణాల పేర్లు చెప్పకుండా, పొడుగు చప్పట్లు (గురువులు), పొట్టి చప్పట్లు (లఘువులు) మూడేసి చొప్పున ఎన్ని రకాలుగా కొట్టొచ్చో కొట్టి చూడమనండి, 8 వస్తాయి, అవే య మ త ర జ భ న స గణాలు, కంప్యూటర్ సార్ 0, 1 తో చెప్పేదీ అదే లెక్క. రామప్ప గుడి దగ్గర్లో బడి అయితే నీళ్ళ మీద తేలే ఇటుకలతో సాంద్రత పాఠం మొదలెట్టొచ్చు. ఏదీ లేకపోతే ఊరి చెరువుంది కదా, కట్ట పొడవు కొలవడం, తూము, మత్తడి బొమ్మ గీయడం, నీరటి పని, అంటే చెరువు నీళ్ళు పొలాలకి వదిలే పని, చేసిన పెద్దాయన్ని అడిగి రాసుకోవడం.

మార్కుల సంగతికొస్తే, ఇవన్నీ ఫార్మేటివ్ (ఏడాది మధ్యలో పెట్టే) పరీక్షల్లో ప్రాజెక్ట్ కింద పెట్టేయండి, ఒక ప్రాజెక్ట్ కే రెండు సబ్జెక్టుల్లో మార్కులిస్తే పిల్లలకి రాత పనీ తగ్గుతుంది. బొమ్మ అందానికి మార్కులు వేయకండి, పిల్లాడు ఏం గమనించాడో రాసిన నాలుగు వాక్యాలకి వేయండి. పేరెంట్స్ "దీంతో ర్యాంక్ వస్తదా సార్" అనే అడుగుతారు, ఉపన్యాసం వద్దు, గుడ్డ చూపించి ఆ రియాక్షన్ ని పిల్లాడితోనే చెప్పించండి.

మొదలెట్టడం ఎనిమిదో తరగతితో మొదలెట్టండి, జూన్, జులైల్లోనే. పదో తరగతి వాళ్ళని మాత్రం సంక్రాంతి దాటాక కదిలించకండి, ప్రీఫైనల్స్, స్టడీ అవర్లు, ఎవరూ వినరు.